చిల్లులు లేని కుండ

చిల్లకల్లులో జాయిస్ ఏం చేస్తుందో చెప్పడానికి ఇప్పటికీ సరైన మాట దొరకలేదు. కుండలు చేస్తుందందామా, వాటిలో బియ్యం పొయ్యడానికి లేదు, నీళ్ళు పట్టడానికి లేదు. బొమ్మలందామా, వాటికి ముఖాలు లేవు, కాళ్ళూ చేతులూ లేవు. శిల్పాలందామంటే ఆ మాట వినగానే జాయిసే ముందు నవ్వేస్తుంది. వాళ్ళమ్మ ప్రేమకుమారి అంగన్‌వాడీలో టీచరుగా చేసి మానేసిన మనిషి. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఆర్టు చేసుద్దండి" అంటుంది. మనవాళ్ళు అంతటితో ఊరుకుంటారా? "ఆర్టంటే?" అని రెండో ప్రశ్న వేస్తారు. "అదేనండి, మట్టితో," అని చెప్పి ప్రేమకుమారి గబగబా మాట మార్చి, వాళ్ళ పిల్లల చదువుల సంగతి ఎత్తుకుంటుంది.

జాయిస్ హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివింది. తండ్రి సొలొమోను ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయినప్పుడు అమ్మకు తోడుగా నాలుగు రోజులుందామని వచ్చి, అలాగే ఉండిపోయింది. ఇంటి వెనక ఒకప్పుడు గేదెల కోసం వేసిన రేకుల షెడ్డుంటే, దాన్ని కడిగి, అందులో కరెంటుతో తిరిగే కుమ్మరి సారె పెట్టింది. పక్కన గ్యాసుతో మండే బట్టీ కట్టించుకుంది. హైవే మీద బరువు లారీ వెళ్ళినప్పుడల్లా షెడ్డు రేకులు గలగలమంటాయి. అలమరలో కుండలు కూడా సన్నగా వణుకుతాయి. ఆ పిల్లకి అలవాటైపోయింది.

చేసినవన్నీ హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్తాయి. అక్కడ వాటిని తెల్లగోడల ముందు పెట్టి, పైన లైటు వేసి, చేతులు కట్టుకుని చూస్తారు. జాయిస్‌కి అది సంతోషమే. కానీ మనసులో ఒక పట్టుదల ఉంది. ఇక్కడ, తను పుట్టి పెరిగిన ఈ చుట్టుపక్కల, ఒక్క ఇంట్లో తన చేతిది ఒకటి నిలవాలి. దేనికీ వాడకుండా, ఊరికే, చూడాలనిపించి పెట్టుకోవాలి. అదీ ఆమె కోరిక. వినడానికి చిన్నదే.

ప్రయత్నించలేదని కాదు. పక్కింటి జయమణికి ఒకటిస్తే, ఆవిడ దాన్ని నీళ్ళ డ్రమ్ము మూత గాలికి ఎగిరిపోకుండా బరువుగా పెట్టింది. పాస్టరుగారి భార్య తనకిచ్చినదాంట్లో క్యారీ బ్యాగులు కుక్కింది. జగ్గయ్యపేటలో ఫ్యాన్సీ షాపు రాంబాబు మంచివాడు, అద్దాల వెనక రెండు పెట్టుకుంటానన్నాడు. కొన్నాళ్ళకి పిలిచి, "అడిగినోళ్ళకి ఇది దేనికని చెప్పమంటావమ్మా?" అన్నాడు. జాయిస్ కాసేపు ఆలోచించి, "దేనికీ కాదండి" అంది. రాంబాబు వాటిని పాత పేపర్లలో చుట్టి జాగ్రత్తగా తిరిగిచ్చేశాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు?

ఇక్కడ చిల్లుల సంగతి చెప్పాలి. జాయిస్ కుండలకి పొట్ట పెద్దగా, మూతి సన్నగా ఉంటుంది. పొట్ట మీద ఒక పక్క, ఒకదాని కింద ఒకటి, మూడు చిల్లులుంటాయి. పచ్చిమట్టి ఇంకా మెత్తగా ఉండగా బొటనవేలితో లోపలికి నొక్కి పెడుతుంది. మొదట్లో మూతి పూర్తిగా మూసేసి చేసేది. అలాంటివాటికి లోపలి గాలి పోవడానికి దారి లేకపోతే బట్టీలో పగిలిపోతాయి. అందుకని ఒక చిల్లు పెట్టింది. ఒకటి కంటికి ఒంటరిగా కనిపించింది. రెండయితే కళ్ళలా ఉన్నాయి. మూడు పెట్టాక చెయ్యి ఆగింది. ఎందుకాగిందో ఆమెకీ తెలియదు. ప్రేమకుమారి మాత్రం చర్చిలో అందరికీ "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ" అని చెప్పుకుంటుంది. జాయిస్ కాదనలేదు, అవుననలేదు.

ఇలా ఉండగా ఆమని ఫోను చేసింది. ఆమని, జాయిస్ ఇంటర్‌లో ఒకే బెంచీ. ఆమని ఇప్పుడు నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరు. వాళ్ళ నాన్న కృష్ణయ్యకి చెవిటికల్లులో పొలం, నందిగామలో ఎరువుల కొట్టు. ఆయన నందిగామలోనే కొత్తగా ఇల్లు కట్టాడు.

"జాయీ, గృహప్రవేశం పెట్టుకున్నాం. నువ్వు చీరా గీరా తేమాక. నీ చేతిది ఒకటి కావాలి. పెద్దది. హాల్లో పెట్టుకుంటా."

"దేనికే?" అని ఈసారి జాయిసే అడిగింది.

"దేనికేంటే? చూసుకోడానికి!"

ఆ మాట కోసమే గదా ఇన్నాళ్ళు ఎదురుచూసింది! ఫోను పెట్టేశాక షెడ్డులో ఒక్కతే అటూ ఇటూ తిరిగింది. అప్పటిదాకా చేసినవాటన్నిటికంటే పెద్దది మొదలుపెట్టింది. రెండు పగిలాయి, ఒకటి వంగింది. చివరిది నిలిచింది. వానకి తడిసిన నేల రంగులో, నిండుగా, మూడు చిల్లులతో బట్టీలోంచి బయటికొచ్చింది. ప్రేమకుమారి కూడా దాని ముందు కాసేపు నిలబడింది.

గృహప్రవేశం పొద్దున జాయిస్ దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నందిగామ వెళ్ళింది. అప్పటికి పాలు పొంగించడం అయిపోయింది. వ్రతానికి పీటలు వేస్తున్నారు. ఆమని పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఎంత బావుందే!" అని అందరిలో కేకేసి, కుండని హాల్లో తెల్ల టైల్సు మీద, కిటికీ పక్కన పెట్టించింది. వెలుగు దాని పొట్ట మీద పడింది. వచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఆగి చూశారు కూడా. జాయిస్ ఇంత తేలిగ్గా జరుగుతుందనుకోలేదు.

ఆమని బాబాయి కూతురు నాగశ్రీ, సరదా పిల్ల, చేతినిండా లిల్లీ పూల కాడలు తెచ్చి మూతిలో గుచ్చింది. పూలు వాడిపోతాయని మగ్గుతో నీళ్ళు కూడా పోసింది. అంత పెద్ద కుండ గదా, మళ్ళీ మళ్ళీ పోసింది. ముందు కింది చిల్లులోంచి, తర్వాత నడిమిదాంట్లోంచి, ఆ పైన మూడోదాంట్లోంచి నీళ్ళు ధారలుగా తెల్ల టైల్సు మీద పడసాగాయి.

"అయ్యో, కారిపోతంది!" అని నాగశ్రీ నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి అటు తిరిగిపోయాడు. ఆమని తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృష్ణయ్య పీట మీంచి లేచి వచ్చాడు. కుండని రెండు చేతులతో ఎత్తి, ఒంటికి తగలకుండా, చేతులు చాచి దూరంగా పట్టుకుని గేటు దాటి వెళ్ళి, ఇసక కుప్ప పక్కన దించి వచ్చాడు. లోపలికి రాబోతూ పంపు దగ్గర ఆగాడు. కాళ్ళు కడుక్కున్నాడు. నెత్తిన నీళ్ళు చల్లుకున్నాడు. ఈలోగా ఎవరో గిన్నెలో పసుపు నీళ్ళు కలిపి తెచ్చి, కుండ ఉన్న చోట చల్లారు.

"సారీ అంకుల్, నేను తుడుస్తానండి," అంది జాయిస్. నేల తడిసినందుకే ఇదంతా అనుకుంది పిచ్చిపిల్ల.

"వద్దమ్మా. నువ్వు కూర్చో, భోజనం చేసి వెళ్దువు గాని," అన్నాడు కృష్ణయ్య. మాటలో కోపం లేదు. ముఖం వైపు మాత్రం చూడలేదు.

"ఏమైంది నాగశ్రీ?" అంది జాయిస్. "ఏం లేదక్కా, ఏం లేదు." ఆమని వాళ్ళమ్మని కూడా అడిగింది. "ఏం లేదులే తల్లీ." ఇంతమంది ఒక్కసారి ఏం లేదంటే ఏదో పెద్దదే ఉన్నట్టు. జాయిస్ చెప్పులేసుకుంది. ఆమని గేటు దాకా వెంటపడి వచ్చి, చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు అడగమాకే. ఇవాళ ఈ ఇంట్లో ఆ మాట అనకూడదు. తర్వాత చెప్తాగా," అంది. ఇద్దరూ కలిసి కుండని మళ్ళీ ఆటోలో ఎక్కించారు. పూలు ఇసక మీదే ఉండిపోయాయి.

ఏ మాట? చిల్లకల్లు వచ్చేదాకా జాయిస్ అదే ఆలోచించింది.

సంగతంతా విని ప్రేమకుమారి ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఇందులో అర్థం కాకపోవడానికేముంది? మన చేతిది గదా. కాళ్ళు కడుక్కున్నారు, పసుపు నీళ్ళు చల్లుకున్నారు." ఆమె ఊరికే అనలేదు. ఆమె చిన్నతనంలో చూసినవి ఆమెకున్నాయి.

కానీ జాయిస్‌కి ఎక్కడో పొసగలేదు. ఆ ఇంట్లో తను ఎన్నిసార్లు తిన్నది! ఆమని తల్లి కలిపిన ఆవకాయ అన్నం ఇద్దరూ ఒక కంచంలోనే గదా తిన్నారు! అప్పుడు లేనిది కొత్త ఇంటికి వచ్చిందా? పోనీ అది కాదందామా, కడుక్కున్న కాళ్ళు తన కళ్ళతో చూసింది. రెండూ నిజాలే, ఒక్క చోట ఇమడవు. పొద్దున లేచి అమ్మ చెప్పిందే అయ్యుంటుందనుకునేది. మధ్యాహ్నానికి ఛీ, ఆమని అలాంటిది కాదనుకునేది. ఆమని ఫోను మోగితే చూస్తూ కూర్చునేది గానీ ఎత్తేది కాదు. ఎత్తితే ఏది వినాల్సొస్తుందోనని భయం. బాధగా ఉంది, చాలా బాధగా ఉంది, ఆ బాధ ఎవరి మీదో తెలియక మరీ బాధగా ఉంది. పని కూడా సాగలేదు. సారె ముందు కూర్చుని, కుండ లేపి, బొటనవేలు చిల్లు దగ్గరికి వెళ్ళగానే ఆగిపోయేది. మట్టిని మళ్ళీ ముద్ద చేసేసేది.

కొన్నాళ్ళకి ఇంటిముందు కారాగింది. ఆమని దిగింది. వెనక తలుపు తీసి, చెయ్యి పట్టుకుని, వాళ్ళ నాయనమ్మ సుబ్బమ్మని దించింది. కృష్ణయ్య తల్లి ఆమె, ఎనభై దాటింది. వయసుకి మనిషి వంగింది గానీ మాట వంగలేదు.

"కూర్చోండి మామ్మగారూ," అని జాయిస్ కుర్చీ తెచ్చింది.

"కూర్చోడానికి రాలేదమ్మాయ్. ఆ కుండేది? మావాడు గేటవతల పెట్టాడే, అది."

"నువ్వు ఫోనెత్తట్లేదు. ఇది మెసేజిలో రాసేది కాదు," అంది ఆమని, నేల చూపులు చూస్తూ.

"నేను చెప్తాలే, నువ్వుండు," అని సుబ్బమ్మ కుర్చీలో కూర్చుంది. "చితి చుట్టూ తిరిగేప్పుడు కొడుకు భుజాన నీళ్ళ కుండ ఉంటదమ్మాయ్. చుట్టుకో చిల్లు పెడతారు. మూడు చుట్లు, మూడు చిల్లులు. ఆ పైన కుండ వెనక్కి పడేసి, తిరిగి చూడకుండా వచ్చేస్తాడు. మరి పాలు పొంగించిన పూట, నట్టింట్లో అది కారతా ఉంటే ఎట్టా ఉంటది చెప్పు?"

జాయిస్ ఇది సినిమాల్లో చూసే ఉంటుంది. చితి చుట్టూ తిరిగే కొడుకుని చూసింది, కళ్ళు తుడుచుకుంది. అతని భుజం మీద కుండకి చిల్లులెన్నని ఎవరు లెక్కపెడతారు? జాయిస్ వాళ్ళలో పూడ్చిపెడతారు. పైగా కాల్చేవాళ్ళ శ్మశానానికి ఆడవాళ్ళని రానివ్వరు.

"అయితే అంకుల్ కాళ్ళు కడుక్కుంది..."

"దానికే. కాటి కుండ ముట్టుకుంటే కడుక్కోరూ? నువ్వేమనుకున్నావో నాకు తెలుసు. ఆ పూట నీ కులం గుర్తొచ్చే తీరిక కూడా లేదమ్మాయ్ మావాడికి. చావు గుర్తొచ్చింది."

ఊరట కలిగింది. సిగ్గేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది. "ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!" అంది ఆమనితో. "ఆ పూట శ్మశానం మాట ఎట్టా అంటానే?" అంది ఆమని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. తలుపు దగ్గర నిలబడ్డ ప్రేమకుమారి అంతా విని లోపలికి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో జాయిస్‌కి తెలియలేదు. తను పూర్తిగా నమ్మిందో లేదో కూడా తెలియలేదు.

షెడ్డు మూల దుప్పటి కప్పి ఉన్న కుండని జాయిస్ బయటికి తెచ్చి వాకిట్లో పెట్టింది. సుబ్బమ్మ లేచి దాని దగ్గరికొచ్చింది. చిల్లుల్లో ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి చూసింది.

"నీళ్ళు పొయ్యి."

"నాయనమ్మా, వద్దు," అంది ఆమని.

"నువ్వూరుకో. మీ తాతని తీసుకెళ్ళిన రోజు నన్ను గుమ్మం దగ్గరే ఆపేసారు. ఎవరికి పుట్టిన కొడుకే కుండ పట్టింది? నాకు పుట్టిన కొడుకే గదా! ఆయనకి ఆఖర్న ఏం చేసారో నేను చూళ్ళేదు. టీవీలో చూపిస్తారు గానీ, టీవీలో ఇట్టే అయిపోద్ది. పొయ్యమ్మాయ్."

జాయిస్ బకెట్టు తెచ్చి పోసింది. కింది చిల్లు, నడిమి చిల్లు, పై చిల్లు. మూడు ధారలు వాకిట్లో మట్టి మీద పడి పాయలయ్యాయి. సుబ్బమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి చూస్తూ నిలబడింది. పై ధార ముందు సన్నబడి ఆగింది. తర్వాత నడిమిది. కిందిది చాలాసేపు చుక్కలు చుక్కలుగా కారింది. అది కూడా ఆగేదాకా ఆమె కదల్లేదు.

"ఇదేనా," అంది చివరికి. కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి, "మీవాళ్ళు ఆడవాళ్ళని రానిస్తారా?" అంది.

"రానిస్తారండి. మా నాన్నకి నేను మట్టి వేసా. మూడు పిడికిళ్ళు," అని జాయిస్ టక్కున ఆగిపోయింది. బొటనవేలు వైపు చూసుకుంది. అందుకా తన చెయ్యి మూడు దగ్గర ఆగింది? కాదేమో. తెలియదు.

సుబ్బమ్మ అది పట్టించుకోలేదు. "నాకొకటి చెయ్యమ్మాయ్. చిల్లులు లేకుండా."

"చిల్లులు లేకుండానా?"

"ముందే చిల్లులుంటే ఎట్టా? చిల్లులు అప్పుడు పెడతారుగా. అంత పెద్దది వద్దు, మా కిష్టయ్యకి భుజం నొప్పి. మరీ గట్టిగా కాల్చమాక. పడేస్తే పగలాలి. పగలకపోతే నలుగురిలో నవ్వులాట అయిపోద్ది."

"నాయనమ్మా!" అని ఆమని గట్టిగా ఏడ్చేసింది. సుబ్బమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి నిమిరింది. "ఎవరో బజారు నించి పట్టుకొస్తారు ఎటూ. ఆ పిల్ల చేతిది బాగుంది గదే. ఇంట్లో పెడితే మీ నాన్న కేకలేస్తాడు గాని, ఇక్కడే ఉంచమ్మాయ్. కావలసినప్పుడు వచ్చి తీసుకెళ్తారు."

కారు వెళ్ళిపోయాక జాయిస్ చాలాసేపు వాకిట్లోనే ఉంది. ఇన్నాళ్ళకి ఈ ఊళ్ళవైపు ఒక మనిషి, ఇది దేనికని అడక్కుండా, దేనికో తానే చెప్పి, నీ చేతిదే కావాలంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పగలగొట్టడానికి అడిగింది గదా.

పని మొదలుపెడితే ఇంకో తికమక. ఇన్నేళ్ళూ కుండ పగలకుండా చూసుకోవడమే విద్య అనుకుంది. ఇప్పుడు బాగా పగిలే కుండ కావాలి. చిల్లులు లేకుండా చేస్తుంటే బొటనవేలు దానంతటదే గోడ వైపు పోయేది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆపేది. వేడి తగ్గించి రెండు కాల్చింది. ఒకదాన్ని పరీక్ష చూడాలి. వాకిట్లో ఎడమ భుజాన పెట్టుకుని, గేటు వైపు తిరిగి, కళ్ళు మూసుకుని వెనక్కి వదిలేసింది. ఫట్టుమని పగిలింది. ప్రేమకుమారి గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఏంటే ఈ పిచ్చి! చేసేది నువ్వే, పగలగొట్టేది నువ్వే!" అని అరిచింది. అరిచి, తనే చీపురు తెచ్చి పెంకులు ఊడ్చింది.

రెండోది అలమరలో పై అరలో ఉంది. చిల్లులు లేవు, రంగు లేదు, ఉత్త కుండ. ఆ మధ్య హైదరాబాదు నించి గ్యాలరీ ఆవిడ వచ్చి, మూడు చిల్లులవాటిని దాటుకుంటూ వెళ్ళి దాని ముందు ఆగింది. "ఇది చాలా బావుంది, ఇస్తారా?" అంది. "అది వేరేవాళ్ళదండి," అంది జాయిస్. "ఎప్పుడు తీసుకెళ్తారు?" అని ఆవిడ మామూలుగానే అడిగింది. జాయిస్ టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమని ఫోను వస్తే జాయిస్ చూపు ముందు ఆ అర మీదికి వెళ్తుంది. "నాయనమ్మ బాగున్నారా?" అని అడిగాకే వేరే మాట. తన చేతిది ఒకటి ఎవరైనా తీసుకెళ్ళి పెట్టుకోవాలని ఎంత కోరుకుందో, ఇదొక్కటీ ఎవరూ వచ్చి తీసుకెళ్ళకూడదని అంత కోరుకుంటుంది. మొన్న ఫోనులో సుబ్బమ్మే మాట్లాడింది.

"ఏమ్మాయ్, నా కుండ అయ్యిందా?"

జాయిస్ పై అర వైపు చూసింది. కాల్చి ఎన్నాళ్ళో అయింది. దాని మీద అప్పుడే సన్నగా దుమ్ము కూడా పట్టింది.

"ఇంకా లేదండి మామ్మగారూ. పచ్చిగానే ఉంది. సరిగ్గా ఆరలేదు."

"ఇంకా ఆరలేదా!" అంది సుబ్బమ్మ. "సర్లే, ఆరనీ. తొందరేం లేదు," అని ఫోను ఆమనికిచ్చేసింది.